పాత మెయిల్ ప్రోగ్రామ్‌ని వదిలేసే ముందు

విశాఖ మద్దిలపాలెం జంక్షన్ చుట్టుపక్కల కంప్యూటర్లు బాగుచేసే షాపుల్లో తరచుగా వినపడే ప్రశ్న ఒకటుంది. "సార్, ఫార్మాట్ కొట్టేయమంటారా?" కొట్టేయమనే చెబుతారు చాలామంది. ఫొటోలేమైనా ఉన్నాయా అని ఒకసారి చూసుకుంటారు. వ్యాపారస్తులైతే టాలీ డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీయించుకుంటారు. మెయిల్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అది ఎక్కడో గూగుల్లో భద్రంగా ఉంటుందని అందరి నమ్మకం. 2000 ప్రాంతంలో కంప్యూటర్ కొని, ఇంటి ఫోన్ లైను మీద ఇంటర్నెట్ పెట్టించుకున్నవాళ్ల విషయంలో ఆ నమ్మకం చాలావరకు తప్పు. వాళ్ల అప్పటి ఉత్తరాలు ఆ పాత సీపీయూ డబ్బాలోనే, హార్డ్‌డిస్కులో ఒక మూల పడి ఉన్నాయి. ఫార్మాట్ కొడితే వాటి కథ అక్కడితో సరి.

ఇది ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. విండోస్ 10తో పాటు వచ్చిన 'మెయిల్' అనే ప్రోగ్రామ్‌కి మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో ముగింపు పలికింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కే మామూలు మద్దతు ఆగిపోయింది. ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ సిస్టమ్‌లు మార్చే పని పడింది. పనిలో పనిగా, అటక మీద దుమ్ము పట్టి ఉన్న అంతకన్నా పాత డబ్బాలను కూడా దించి తూకానికి వేసేస్తున్నారు. ఆ డబ్బాల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్.

ఒకప్పుడు దాన్ని ఇష్టపడని వాళ్లు తక్కువ. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో కలిసి ఉచితంగా వచ్చింది. ఎడమ పక్క ఇన్‌బాక్స్, ఔట్‌బాక్స్, పంపినవి, తీసేసినవి; కుడి పక్క పైన ఉత్తరాల జాబితా, కింద ఉత్తరం. ఇంతే. కంప్యూటర్ కొత్తగా నేర్చుకున్న అమ్మమ్మలు కూడా వారం రోజుల్లో దానికి అలవాటుపడ్డారు. దాని మీద ప్రేమ అంత గట్టిగా ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే, ఆనాటి ఇంటర్నెట్ ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ చేతుల మీదుగా మొదలైంది. మొదట ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ వాళ్ల అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1998లో ప్రైవేటు ఇంటర్నెట్ తెచ్చింది. తర్వాత బీఎస్ఎన్ఎల్ సంచార్‌నెట్ వచ్చింది. అన్నీ ఫోన్ లైను మీదే. మోడెం కీచుమని, గరగరలాడి, చివరికి కలిసేది. కలిసిన దగ్గర నుంచి ఇటు ఇంటర్నెట్ గంటలు తరిగేవి, అటు ఫోన్ బిల్లు తిరిగేది. ఆ సేపంతా ఇంటికి వేరే ఫోన్ రాదు.

అందుకని ఉత్తరం తీరిగ్గా రాసుకునేవాళ్లు, లైను కలపకుండానే. రాసినవన్నీ ఔట్‌బాక్స్‌లో పేరుకునేవి. రాత్రి రేటు తక్కువున్న వేళ లైను కలిపి 'సెండ్ అండ్ రిసీవ్' బటన్ నొక్కితే, ఉన్నవన్నీ వెళ్లి, రావలసినవన్నీ దిగేవి. వెంటనే లైను తెంపేయాలి. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ సెట్టింగుల్లో దీనికోసమే ఒక గడి ఉండేది: పంపడం, అందుకోవడం పూర్తి కాగానే ఫోన్ దానంతట అదే పెట్టేయాలని అందులో టిక్కు పెట్టుకోవచ్చు. ఆ ఒక్క టిక్కుతో నెలకి ఎంతో కొంత మిగిలేది. వచ్చిన ఉత్తరాలను ఆ తర్వాత నింపాదిగా, ఖర్చు లేకుండా చదువుకునేవాళ్లు. మధ్యతరగతి ఇంటి జేబు తెలిసి చేసినట్టు ఉండేది ఆ ప్రోగ్రామ్. నాకు ఈనాటికీ దాని మీద గౌరవం పోలేదు.

అయితే ఉత్తరాలు మన డబ్బాలోనే ఎందుకు ఉండిపోయాయి? దీనికి పోస్టాఫీస్ ప్రోటోకాల్ అనే పద్ధతి కారణం. పొట్టిగా పాప్ అంటారు. ఇది 1984లో పుట్టింది, ఇప్పటికీ వాడుకలో ఉన్న మూడో రూపం 1988లో వచ్చింది. ఇందులో సర్వర్ ఉత్తరాన్ని కాసేపు దాచి ఉంచుతుంది. మన ప్రోగ్రామ్ వచ్చి తీసుకోగానే తన దగ్గర ఉన్నది చెరిపేస్తుంది. దానికి పోటీ పద్ధతి ఐమ్యాప్‌ని 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ తయారుచేశాడు. అందులో ఉత్తరం సర్వర్ దగ్గరే ఉంటుంది, మన ప్రోగ్రామ్ వెళ్లి చూసి వస్తుంది. నగలు బ్యాంకు లాకర్‌లో ఉంచుకోవడం ఐమ్యాప్ అయితే, ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టుకోవడం పాప్. బీరువా అమ్మేసేటప్పుడు లోపల చూసుకోకుండా అమ్మం కదా.

సర్వర్‌లో ఒక కాపీ ఉంచమని చెప్పే గడి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఉండేది. అది ఖాతా వివరాల్లో చివరి పేజీలో, టిక్కు లేకుండా ఉండేది. అక్కడి దాకా వెళ్లినవాళ్లు ఎందరు? ఒకవేళ వెళ్లి టిక్కు పెట్టినా, ఆ రోజుల్లో సర్వర్‌లో చోటు ఏపాటిది? హాట్‌మెయిల్ ఇచ్చేది 2 మెగాబైట్లు, యాహూ 4. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ ఇస్తామంటే, తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు జనం. మరుసటి ఏడు జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ డేటావన్ వచ్చింది. లైను ఎప్పుడూ కలిసే ఉంటుంది, సర్వర్‌లో చోటు బోలెడంత. ఇక ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవలసిన అవసరమేముంది? అలా ఎవరూ వెళ్లమనకుండానే, ఎవరికీ చెప్పకుండానే జనం బ్రౌజర్లోకి మారిపోయారు. పాత ఉత్తరాలు పాత చోటే ఉండిపోయాయి.

మా వీధిలో స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఓ రోజు కబురు పెట్టారు. "బాబూ, ఈ డబ్బా తీసేస్తానంటున్నాడు మావాడు. మీ పిన్ని అమెరికా నుంచి రాసిన ఉత్తరాలు ఇందులో ఉన్నాయేమో ఓసారి చూస్తావేటి?" అన్నారు. కూతురి పురిటికి వెళ్లి ఆవిడ ఆర్నెల్లు అక్కడున్నారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. "చూద్దాం బాబాయ్‌గారూ, తొందరపడి ఎవరికీ ఇచ్చేయకండి" అన్నాను. సిస్టమ్ ఆన్ అయితే అయింది గానీ విండోస్ దాకా రాలేదు. హార్డ్‌డిస్కు మటుకు తిరుగుతోంది. దాన్ని విప్పి, పాత డిస్కుల్ని యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్‌తో నా ల్యాప్‌టాప్‌కి తగిలించాం.

విండోస్ ఎక్స్‌పీలో ఈ ఉత్తరాలు ఉండే చోటు మామూలుగా కంటికి కనపడదు. హిడెన్ ఫైల్స్ చూపించమని ముందు సెట్టింగు మార్చుకోవాలి. తర్వాత డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో మన పేరున్న ఫోల్డర్, అందులో లోకల్ సెట్టింగ్స్, అందులో అప్లికేషన్ డేటా, దాంట్లో ఐడెంటిటీస్. ఇక్కడ మెలిక బ్రాకెట్ల మధ్య అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అది చూసి ఇదేదో వైరస్ అనుకుని వెనక్కి వచ్చేసేవాళ్లున్నారు. అదే అసలు తలుపు. లోపల మైక్రోసాఫ్ట్, దానిలోపల ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్. చిట్టచివర డీబీఎక్స్ అనే తోకతో వరసగా ఫైళ్లు: ఇన్‌బాక్స్, సెంట్ ఐటమ్స్, డ్రాఫ్ట్స్, మనం పెట్టుకున్న పేర్లతో ఇంకొన్ని. బాబాయ్‌గారి డిస్కులో పిన్నిగారి పేరుతోనే ఒక ఫైలు ఉంది. ఆయన ఆ రోజుల్లో ఆవిడ ఉత్తరాలన్నీ విడిగా తీసి దాచుకున్నారన్నమాట. ఆ సంగతి ఆయనే మర్చిపోయారు.

ఈ డీబీఎక్స్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తిన్నగా చదవనివ్వదు. మైక్రోసాఫ్ట్ తనకు నచ్చినట్టు కట్టుకున్న మూట అది. విప్పడానికి రెండు దారులున్నాయి. ఎక్స్‌పీ నడుస్తున్న సిస్టమ్ ఎక్కడైనా దొరికితే, ఈ ఫోల్డర్‌ని అక్కడికి కాపీ చేసి, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోని ఇంపోర్ట్‌తో లోపలికి తీసుకోవాలి. అన్నీ కనపడ్డాక ఒక ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నిటినీ సెలెక్ట్ చేసి, డెస్క్‌టాప్ మీద ఖాళీ ఫోల్డర్‌లోకి లాగి వదిలితే, ఒక్కో ఉత్తరం ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా పడుతుంది. ఎక్స్‌పీ దొరక్కపోతే అన్‌డీబీఎక్స్ అనే ఉచిత పనిముట్టు ఉంది, అదీ ఇదే పని చేస్తుంది. ఈఎంఎల్ అంటే తెరిచిన కవరు. ఎవరు, ఎవరికి, ఏ తేదీన, ఏ సమయానికి పంపారో పైన; కింద ఉత్తరం. ఏ కంప్యూటర్‌లోనైనా, దాదాపు ఏ మెయిల్ ప్రోగ్రామ్‌తోనైనా తెరుచుకుంటుంది.

అన్ని ఇళ్లలోనూ ఇంత అదృష్టం ఉండకపోవచ్చు. డీబీఎక్స్ ఫైలు 2 గిగాబైట్లు దాటితే చెడిపోయేది. మధ్యమధ్యలో ప్రోగ్రామ్ తనే 'ఉత్తరాలను కుదించమంటారా' అని అడిగేది. సరేనంటే మూటని మళ్లీ సర్ది చిన్నది చేసేది. సరిగ్గా ఆ సర్దుడు మధ్యలో కరెంటు పోతే ఫోల్డర్‌కి ఫోల్డరే ఖాళీ అయిన సందర్భాలున్నాయి. యూపీఎస్ లేని ఇళ్లలో ఇలా ఎన్ని పోయాయో. అలాంటిదేమైనా జరిగి ఉంటే రీసైకిల్ బిన్‌లో బీఏకే అనే తోకతో పాత కాపీ ఉందేమో చూడటం మంచిది. ఎక్స్‌పీ చివరి కాలంలో కుదించే ముందు అలా ఒక కాపీ పడేసేది.

ఎక్స్‌పీ సిస్టమ్ ఇప్పటికీ చక్కగా నడుస్తోంది కదా, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌నే కొత్త ఉత్తరాలకి కూడా వాడుకోకూడదా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది కానీ, అది కుదరదు. 2007లో వచ్చిన విండోస్ విస్టాలోనే మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసి వేరేది పెట్టింది. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మద్దతు ఆగింది. అంతకన్నా పెద్ద అడ్డంకి వేరే ఉంది. మన కంప్యూటరూ సర్వరూ మాట్లాడుకునే మాటలు మధ్యలో ఎవరూ వినకుండా టీఎల్ఎస్ అనే తాళం వేసుకుంటాయి. ఎక్స్‌పీ నాటి తాళం 1.0 దగ్గర ఆగిపోయింది. నేటి దొంగల ముందు దాని బలం చాలదు కాబట్టి 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం దాన్ని వాడవద్దని ప్రకటించింది. నేటి సర్వర్లు చాలావరకు ఆ పాత తాళం చూస్తే తలుపు తీయవు. పైగా 2022 మే 30 నుంచి జీమెయిల్, వట్టి పాస్‌వర్డ్ మాత్రమే చెప్పే పాత ప్రోగ్రామ్‌లని రానివ్వడం ఆపేసింది. ఇప్పుడు మన పాస్‌వర్డ్ ప్రోగ్రామ్‌కి చెప్పం. గూగుల్ పేజీలోనే లాగిన్ అయి, 'ఈ ప్రోగ్రామ్‌ని నా మెయిల్ చూడనివ్వు' అని అనుమతి ఇస్తాం, నచ్చనప్పుడు వెనక్కి తీసుకుంటాం. ఇది నిజంగా మంచి మార్పు. దాన్ని నేర్చుకోవడం ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వల్ల కాదు.

ఇలా అభిమానులని వదిలి వెళ్లిన ప్రోగ్రామ్‌లలో యుడోరాది ప్రత్యేకమైన కథ. 90లలో అమెరికా యూనివర్సిటీల్లో చదివిన మనవాళ్లకి అది బాగా తెలుసు. 1988లో ఇలినాయ్ యూనివర్సిటీలో స్టీవ్ డోర్నర్ అనే ఉద్యోగి రాశాడు. పోస్టాఫీసులో కాపురం పెట్టిన అమ్మాయి గురించి కథ రాసిన యుడోరా వెల్టీ అనే రచయిత్రి పేరు దానికి పెట్టుకున్నాడు. 1991లో క్వాల్‌కామ్ తీసుకుంది. కోపంగా రాసిన ఉత్తరం పంపబోతే పక్కన మిరపకాయ బొమ్మ వేసి హెచ్చరించే సదుపాయం 2000లో అందులో చేరింది. మాటలు మరీ ఘాటైతే మూడు మిరపకాయలు. ఫోన్ చిప్‌ల వ్యాపారంలో మునిగిన క్వాల్‌కామ్ 2006లో దీన్ని ఆపేస్తున్నట్టు చెప్పింది. జనం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వదల్లేదు. 2018లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దాని సోర్స్ కోడ్‌ని అందరికీ తెరిచి పెట్టింది.

యుడోరాలో నాకు అన్నిటికన్నా నచ్చినది, అది ఉత్తరాలని దాచిన తీరు. డీబీఎక్స్ లాంటి మూట కట్టలేదు. యూనిక్స్ కాలం నాటి ఎమ్‌బాక్స్ పద్ధతిలో, ఒకదాని కింద ఒకటిగా మామూలు అక్షరాల్లోనే పేర్చింది. అందుకే ముప్పయ్యేళ్ల కిందటి యుడోరా ఫైలు ఈరోజు నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుని చదవనిస్తుంది. మెయిల్ ప్రోగ్రామ్ ఏది ఎంచుకున్నా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: నేను వెళ్లిపోతానంటే నా ఉత్తరాలని నా చేతిలో పెడుతుందా?

కానీ తెలుగు రాసేవాళ్లకి యుడోరాని వదలక తప్పలేదు. మొదట్లో ఈమెయిల్ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప మోసుకెళ్లేది కాదు. అందుకే అమెరికా తెలుగువాళ్లు తమ ఉపాయం తాము వెతుక్కున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఆనంద కిషోర్, కన్నెగంటి రామారావు ఆర్‌టీఎస్ అనే లిపిమార్పిడి పద్ధతి తయారుచేశారు. టీ అక్షరం చిన్నదైతే త, పెద్దదైతే ట అన్నట్టు, ఇంగ్లిష్ కీబోర్డుతోనే తెలుగు తేడాలన్నీ చూపించేది. 1992లో మైమ్ అనే ప్రమాణం వచ్చి ఉత్తరానికి ఏ లిపి అయినా, ఏ ఫైలైనా జతచేయడం సాధ్యమైంది. తర్వాత యూనికోడ్ తెలుగు వాడుకలోకి వచ్చింది, ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది, 2006లో తెలుగు టైపు చేసుకునే లేఖిని అనే వెబ్‌పేజీ వచ్చింది. తెలుగు తెలుగులాగే మెయిల్‌లో నడిచింది. యుడోరా మాత్రం చివరిదాకా యూనికోడ్ సరిగా నేర్చుకోలేదు. హైదరాబాద్ నుంచి తమ్ముడు తెలుగులో రాసిన ఉత్తరం యుడోరాలో ప్రశ్నార్థకాల వరసగానో, పిచ్చి గీతల్లాగానో కనిపించేది.

ఆ పిచ్చి గీతల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పాత ఉత్తరాలు తీసేటప్పుడు ఇవి మీకూ ఎదురవుతాయి. యూనికోడ్‌ని పంపే పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు పడతాయి. ఆ పద్ధతి తెలియని ప్రోగ్రామ్ ఒక్కో బైట్‌నీ ఒక్కో యూరప్ అక్షరం అనుకుంటుంది. అప్పుడు మొదట తల మీద గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీల సున్నాగానీ కూడిక తీసివేత కలిసిన గుర్తుగానీ, ఆ పక్కన ఇంకేదో గుర్తు, మళ్లీ అదే ఏ... ఇలా పేజీ అంతా కనిపిస్తుంది. దీన్ని చూసి ఉత్తరం చెడిపోయిందని చెరిపేయకండి. ఈఎంఎల్ ఫైలుని కొత్త ప్రోగ్రామ్‌లో తెరిచి, ఎన్‌కోడింగ్ యూనికోడ్ అని సరిచేస్తే చాలాసార్లు తెలుగు అంతా తిరిగొస్తుంది. ప్రశ్నార్థకాలుగానే సేవ్ అయిపోతే మటుకు ఇక రాదు. అక్కడ అసలు బైట్లే పోయాయి.

ఇంకో చిక్కు మన డీటీపీ సెంటర్ల నుంచి వచ్చింది. పెళ్లి శుభలేఖలు, సంస్థల ఉత్తరాలు అను ఫాంట్లలో టైపు చేసి మెయిల్‌కి జతచేసేవాళ్లు. ఆ ఫాంట్ ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెడుతుంది. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్. అను నుంచి యూనికోడ్‌కి మార్చే పనిముట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వత్తులూ గుణింతాల దగ్గర తప్పులు పడతాయి కాబట్టి మార్చాక ఒకసారి కూర్చుని చదవాలి. పిన్నిగారి ఉత్తరాలకి ఇంత బాధ లేకపోయింది. ఆవిడ ఆర్‌టీఎస్ ఎరుగరు, ఇంగ్లిష్ అక్షరాల్లో తనకు తోచినట్టు తెలుగు రాశారు. మంచు పడితే బాల్కనీలో వడియాలు ఎలా ఎండబెట్టాలని అడిగిన ఉత్తరం, ఒక్క అక్షరం చెదరకుండా తెరుచుకుంది. బాబాయ్‌గారు దాన్ని ప్రింటు తీసి ఇమ్మన్నారు.

బయటికి తీసిన ఉత్తరాలు పెట్టుకోవడానికి నేను థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడమంటాను. 2004 డిసెంబర్‌లో మొదటి రూపం వచ్చింది. 2012లో దాన్ని తయారుచేసిన మొజిల్లా దాని మీద పని తగ్గించినప్పుడు ఇదీ పోతుందనుకున్నారు. వాడేవాళ్లే చందాలిచ్చి నిలబెట్టారు. ఒక్క 2022లోనే 64 లక్షల డాలర్లు వచ్చాయి. ఇది మామూలుగా ఎమ్‌బాక్స్ పద్ధతిలోనే దాస్తుంది, ఈఎంఎల్ ఫైళ్లని లోపలికి తీసుకోవడానికి యాడాన్ ఉంది. విండోస్ మెయిల్ ఆగిపోయాక మైక్రోసాఫ్ట్ చూపిస్తున్న కొత్త ఔట్‌లుక్ చూడటానికి బాగానే ఉంటుంది. అయితే అందులో జీమెయిల్ లాంటి బయటి ఖాతా కలిపితే ఆ ఉత్తరాల కాపీ మైక్రోసాఫ్ట్ సర్వర్లకి కూడా చేరుతుంది. అది ఇష్టమో కాదో తెలిసి ఒప్పుకోవాలి.

ఇక జీమెయిల్ ఉంది కదా, అంతా లాకర్లోనే ఉంది కదా అనుకునేవాళ్లకి ఒక మాట. 2023 డిసెంబర్ నుంచి, రెండేళ్లు ఎవరూ తెరవని సొంత ఖాతాలను తొలగించే హక్కు గూగుల్ పెట్టుకుంది. పెద్దవాళ్లు పోయాక వాళ్ల ఖాతా ఎవరూ తెరవరు. కాబట్టి ఏడాదికోసారి గూగుల్ టేకౌట్‌కి వెళ్లి, మెయిల్ ఒక్కదానికే టిక్కు ఉంచి, కాపీ అడగండి. కొన్ని గంటల్లోనో మర్నాడో లింకు మీ మెయిల్‌కే వస్తుంది. అందులో వచ్చేది ఎమ్‌బాక్స్ ఫైలే, యుడోరా దాచిన పద్ధతే. దాన్ని రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీలు పగిలి ఇళ్లలో నీళ్లు చేరిన సంగతి విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. కాపీ తీసిన రోజే థండర్‌బర్డ్‌లో తెరిచి, అన్నిటికన్నా పాత ఉత్తరం ఒకటి, తెలుగులో ఉన్నది ఒకటి, ఫొటో జతచేసినది ఒకటి చదివి చూసుకోండి.